రేపటి కెమెరాకి ఇవాళే లెన్సులా?

కొత్తగా కెమెరా కొన్న ప్రతివాడికీ మొదటి నెల తిరక్కుండానే ఒక ఉచిత సలహా దొరుకుతుంది. "కొంటే ఫుల్‌ఫ్రేమ్ లెన్సే కొను బాబూ. రేపు ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొన్నా పనికొస్తుంది. క్రాప్ లెన్సు మీద డబ్బులు తగలెయ్యకు" అని. ఇచ్చేవాళ్ళు మంచి మనసుతోనే ఇస్తారు. వినడానికీ సబబుగానే ఉంటుంది. పిల్లాడికి చొక్కా కుట్టించేటప్పుడు "పెరిగే వయసు, రెండంగుళాలు వదులుగా కుట్టవయ్యా" అంటారే, అలాగన్నమాట. కానీ నా మటుకు నాకు ఈ సలహా చాలామంది విషయంలో తప్పనిపిస్తుంది. అదీ చిన్న తప్పేం కాదు, నెలో రెండు నెలలో జీతం తినేసే తప్పు. ఎందుకో చెప్తాను.

ముందు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పాత 35 మి.మీ. ఫిల్ము మీద ఒక్కో ఫోటో 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉండేది. డిజిటల్ కెమెరాలో సెన్సర్ కూడా అంతే ఉంటే దాన్ని ఫుల్‌ఫ్రేమ్ అంటారు. అంత పెద్ద సెన్సర్ చెయ్యడం ఖరీదు కాబట్టి మనలాంటి వాళ్ళు కొనే చాలా కెమెరాల్లో అంతకంటే చిన్నది పెడతారు. నికాన్, సోనీల్లో సుమారు 23.5 మి.మీ. వెడల్పు, 15.6 మి.మీ. ఎత్తు. కెనాన్‌లో ఇంకొంచెం చిన్నది, 22.3 మి.మీ. వెడల్పు, 14.9 మి.మీ. ఎత్తు. వైశాల్యం లెక్కేస్తే ఫుల్‌ఫ్రేమ్‌లో సగం కూడా రాదు. ఇవే క్రాప్ సెన్సర్లు. 36 ని 23.5 తో భాగిస్తే 1.5 వస్తుంది, కెనాన్‌కైతే 1.6. దీన్నే క్రాప్ ఫ్యాక్టర్ అంటారు.

ఇక లెన్సు సంగతి. లెన్సుని టూరింగ్ టాకీస్‌లో ప్రొజెక్టర్ అనుకోండి, సెన్సర్‌ని తెర అనుకోండి. ఫుల్‌ఫ్రేమ్ లెన్సు పెద్ద తెరకి సరిపడా బొమ్మ వేస్తుంది. దాని ముందు చిన్న తెర కడితే ఏమవుతుంది? మధ్యలో బొమ్మ తెర మీద పడుతుంది, చుట్టూ మిగిలింది గోడల పాలవుతుంది. తెర మీద పడ్డ బొమ్మ పెద్దదీ కాదు, వెలుగు పెరగదూ. క్రాప్ లెన్సు అంటే ఆ చిన్న తెరకి సరిపడేంత వరకే బొమ్మ వేసే లెన్సు. అంతకు మించి రహస్యమేం లేదు.

ఏది ఏ లెన్సో పేరు మీద అక్షరాలు చూసి చెప్పెయ్యొచ్చు. నికాన్‌లో డీఎక్స్ అని ఉంటే క్రాప్ లెన్సు. కెనాన్‌లో పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లకి ఈఎఫ్-ఎస్, కొత్త మిర్రర్‌లెస్‌లకి ఆర్ఎఫ్-ఎస్. సిగ్మాలో డీసీ అంటే క్రాప్, డీజీ అంటే ఫుల్‌ఫ్రేమ్. సోనీలో ఒట్టి ఈ అని ఉంటే క్రాప్, ఎఫ్ఈ అని ఉంటే ఫుల్‌ఫ్రేమ్.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేసే చోటొకటి ఉంది. "ఫుల్‌ఫ్రేమ్ 50 లెన్సు నా కెమెరాలో 75 అవుతుంది. క్రాప్ కోసమే చేసిన లెన్సు అయితే 50 అంటే 50 యే కదా?" అని అడుగుతారు. కాదండీ. ఫోకల్ లెంగ్త్, తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి నాభ్యంతరం, లెన్సు గుణం. దాని వెనక ఏ సెన్సర్ ఉన్నా అది మారదు. మీ కిట్ లెన్సు మీద 18-55 అని రాసుందనుకోండి, దాన్ని 35 దగ్గర పెట్టి తీసినా, ఫుల్‌ఫ్రేమ్ కోసం చేసిన 35 లెన్సు తగిలించి తీసినా, అదే కెమెరాలో ఫ్రేమ్ ఒకేలా వస్తుంది. రెండింటికీ 1.5 వర్తిస్తుంది, లేదా రెండింటికీ వర్తించదు. ఒకదానికి వేసి ఇంకోదానికి వదిలేస్తేనే చిక్కు. ఎఫ్ నంబరూ అంతే. ఎఫ్/2.8 లెన్సు ఏ రకమైనా మీ కెమెరాలో ఒకే ఎక్స్‌పోజర్ ఇస్తుంది. "ఫుల్‌ఫ్రేమ్ లెన్సు పెద్దది కాబట్టి ఎక్కువ వెలుతురు లాగుతుంది" అనే మాటలో ఆ ఎక్కువ వెలుతురంతా పోయేది గోడలకే.

సరే, ఫుల్‌ఫ్రేమ్ లెన్సు తగిలిస్తే పనిచేస్తుంది కదా, నష్టమేంటి? నష్టం వెడల్పులో ఉంది.

ఫుల్‌ఫ్రేమ్ వాళ్ళ పని లెన్సు 24-70. పెళ్ళిళ్ళకీ ప్రయాణాలకీ ఆ ఒక్కటీ చాలంటారు, వాళ్ళకి నిజంగానే చాలు. కానీ అది క్రాప్ కెమెరా మీద 36-105 లాగా చూస్తుంది. కెనాన్‌లో అయితే 38 నుంచి మొదలు. అంకెల్లో చెబితే పెద్దగా అనిపించదు, అందుకే అడుగుల్లో చెప్తాను. లెక్క పదో తరగతి సరూప త్రిభుజాలే. మీరు నిలబడ్డ దూరాన్ని సెన్సర్ వెడల్పుతో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, ఆ దూరంలో ఎన్ని అడుగుల వెడల్పు ఫ్రేములో పడుతుందో వచ్చేస్తుంది.

పది అడుగుల దూరంలో మనుషులున్నారు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 24 మి.మీ. పెడితే 15 అడుగులు పడుతుంది. అదే 24 మి.మీ. క్రాప్ కెమెరాకి పెడితే 10 అడుగుల లోపే. 18 మి.మీ. పెడితే 13 అడుగులు, 16 పెడితే దాదాపు మళ్ళీ 15. భుజాలు ఆనించుకుని నిలబడితే మనిషికి అడుగున్నర వేసుకోండి. 24 దగ్గర ఆరుగురు పడతారు, 18 దగ్గర ఎనిమిది మంది. మన ఇళ్ళల్లో గది పన్నెండడుగులుంటే గొప్ప. గృహప్రవేశాలూ, సీమంతాలూ, బారసాలలూ అన్నీ జరిగేది ఆ గదుల్లోనే. ఆ తేడాలో ఎగిరిపోయే ఇద్దరూ ఎవరంటే, ఎప్పుడూ చివర నిలబడేవాళ్ళు. మొహమాటపడి పక్కకి జరిగే పెద్దమ్మా, ఆఖరి నిమిషంలో వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చే అత్తయ్యానూ.

మా టీములో ఒకతను సరిగ్గా ఇదే సలహా విని, తన క్రాప్ కెమెరాకి ఫుల్‌ఫ్రేమ్ 24-70 ఎఫ్/2.8 కొన్నాడు. కిట్ లెన్సు ఇక దేనికని అమ్మేశాడు కూడా. నాలుగు నెలలకి వాళ్ళ చెల్లెలి పెళ్ళి. మండపంలో బ్రహ్మాండంగా వచ్చాయి ఫోటోలు, అందులో అనుమానం లేదు. పెళ్ళికూతుర్ని చేసే రోజు మాత్రం ఇంట్లో గోడకి వీపు ఆనించి నిలబడ్డా అమ్మాయీ, చుట్టూ ముత్తయిదువలూ కలిపి ఫ్రేములో పట్టలేదట. చివరికి ఆ ఫోటోలు ఫోనుతో తీశాడు. "రెండు నెలల జీతం పెట్టి కొన్నది మెడలో వేలాడుతోంది, జేబులోది పని చేస్తోంది" అని తనే నవ్వుతూ చెప్పాడు. లెన్సు తప్పేం లేదు పాపం. అది వేరే కెమెరా కోసం పుట్టింది, అంతే.

క్రాప్ కెమెరా మీద వెడల్పు కావాలంటే క్రాప్ లెన్సు తప్ప గతి లేదనేది అందుకే. 16 నుంచో, 17 నుంచో, 18 నుంచో మొదలయ్యే జూమ్‌లు ఈ సెన్సర్ కోసం లెక్కేసి చేసినవి. ఇంకా వెడల్పు కావాలంటే కెనాన్ ఈఎఫ్-ఎస్ 10-18 ఉంది. 2014 లో వచ్చింది, బరువు 240 గ్రాములు. అదే పదడుగుల దూరంలో 10 మి.మీ. దగ్గర 22 అడుగుల పైన చూపిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ వాళ్ళ 16-35 తెచ్చి ఇదే కెమెరాకి పెడితే 14 అడుగుల దగ్గర ఆగిపోతుంది. పైగా బరువూ ఎక్కువ, ధరా ఎక్కువ.

బరువంటే గుర్తొచ్చింది. ఒకే కంపెనీ, ఒకే ఎఫ్/2.8, రెండూ మిర్రర్‌లెస్‌కి చేసినవే చూద్దాం. సిగ్మా 18-50 డీసీ డీఎన్, 2021 లో వచ్చింది, 290 గ్రాములు. అదే సిగ్మా ఫుల్‌ఫ్రేమ్ 24-70 డీజీ డీఎన్, 2019 లో వచ్చింది, 800 గ్రాముల పైనే. ఒకటి మామిడిపండు బరువు, ఇంకోటి కిలోకి కాస్త తక్కువ. తిరుమల కాలినడకన ఎక్కేటప్పుడో, బొర్రా గుహల మెట్లు దిగేటప్పుడో ఈ అరకిలో సంగతి మెడే చెబుతుంది. ఇంట్లో బీరువాలో ఉండిపోయిన మంచి లెన్సు కంటే, సంచీలో ఉన్న ఓ మాదిరి లెన్సు ఎక్కువ ఫోటోలు తీస్తుంది.

ఇంకో వాదన ఉంది. "ఫుల్‌ఫ్రేమ్ లెన్సు మధ్య భాగమే వాడుకుంటాం కాబట్టి, అంచుల్లో మసక ఉండదు, బొమ్మ పదునుగా వస్తుంది" అంటారు. ఇందులో సగం నిజం. లెన్సు అంచులు తెర బయటికి పోతాయి కాబట్టి మూలల్లో చీకటీ మసకా తగ్గే మాట వాస్తవమే. మిగతా సగం ఎవరూ చెప్పరు. 24 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 6 మైక్రాన్లు. అన్నే పిక్సెళ్ళు క్రాప్ సెన్సర్‌లో కుక్కితే 3.9 మైక్రాన్లు. అంటే అదే లెన్సు ఇంకా సన్నని వివరం ఇవ్వాల్సి ఉంటుంది. ఫోటో ఒకే సైజులో ప్రింటు వేయిస్తే, క్రాప్ సెన్సర్ బొమ్మని ఒకటిన్నర రెట్లు ఎక్కువ పెద్దది చేసినట్టు. లెన్సులో ఉన్న లోపం కూడా అంత పెద్దదవుతుంది. ఫిల్ము కాలంలో బాగుందనిపించుకున్న పాత ఫుల్‌ఫ్రేమ్ జూమ్‌లు క్రాప్ కెమెరాల మీద కొన్నిసార్లు మెత్తగా కనబడటానికి ఇదొక కారణం. ఫుల్‌ఫ్రేమ్ అని రాసున్నంత మాత్రాన పదును రాదు. మంచి లెన్సు మంచి లెన్సే, ఏ సెన్సర్‌కి చేసినా.

ఇప్పుడు అసలైన వాదనకి వద్దాం. "రేపు పనికొస్తుంది."

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి ఈ మాట బాగా తెలుసు. పదిమంది వాడే అప్లికేషన్ రాయమంటే, రేపు కోటిమంది వస్తారేమోనని ముందే దానికి సరిపడా ఆర్కిటెక్చర్ కట్టి, ఆ కోటిమంది ఎప్పటికీ రాక, ఉన్న పదిమందికీ పేజీ నెమ్మదిగా తెరుచుకునే ప్రాజెక్టులు మనం చూడనివి కావు. దానికి మన ఫీల్డులో యాగ్నీ అని ఒక సామెత కూడా ఉంది, "నీకది అక్కర పడదులే" అని దాని భావం. లెన్సుల విషయంలోనూ నాది అదే మాట. చొక్కా అయితే పిల్లాడు పెరగడం ఖాయం. మనం ఫుల్‌ఫ్రేమ్‌కి పెరుగుతామన్నది ఖాయమేమీ కాదు. నాకు తెలిసి "రెండేళ్ళలో మారతా" అన్నవాళ్ళలో ఎక్కువమంది ఇప్పటికీ అదే క్రాప్ కెమెరాతో ఉన్నారు. కొందరైతే దాన్నీ అటకెక్కించారు.

పోనీ నిజంగా మారారే అనుకోండి. రేపు మనం అనుకున్నట్టే ఉంటుందా? నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచీ ఉంది, కెనాన్ ఈఎఫ్ 1987 నుంచీ. ఇంత పాత మౌంట్లు ఎక్కడికి పోతాయిలే అనే ధీమాతోనే జనం ముందుచూపు లెన్సులు కొన్నారు. 2018 లో ఆ రెండు కంపెనీలూ కొత్త మౌంట్లు తెచ్చాయి, నికాన్ జెడ్, కెనాన్ ఆర్ఎఫ్. పాత లెన్సులు అడాప్టర్‌తో తగులుతాయి నిజమే, కెనాన్ ఈఎఫ్ లెన్సులైతే చక్కగా పనిచేస్తాయి కూడా. కానీ నికాన్ పాత ఏఎఫ్-డీ లెన్సుల్లో మోటారు ఉండదు, నికాన్ వాళ్ళ అడాప్టర్‌లోనూ ఉండదు. కాబట్టి ఆటోఫోకస్ పోయి చేత్తో తిప్పుకోవాల్సిందే. అవన్నీ ఫుల్‌ఫ్రేమ్ లెన్సులే మరి!

ఇక క్రాప్ లెన్సు ఫుల్‌ఫ్రేమ్‌కి వెళితే చెత్తబుట్టే అనేది కూడా పూర్తి నిజం కాదు. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో మాత్రం ఈఎఫ్-ఎస్ లెన్సు ఫుల్‌ఫ్రేమ్ బాడీకి అసలు ఎక్కదు, అద్దానికి తగలకుండా అలా చేశారు. నికాన్, సోనీల్లో ఎక్కుతుంది, కెమెరా తనంతట తనే మధ్య భాగానికి కుదించుకుంటుంది. కెనాన్ మిర్రర్‌లెస్‌లో అడాప్టర్‌తో ఈఎఫ్-ఎస్ కూడా అలాగే నడుస్తుంది. కాకపోతే 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో సుమారు 10 మిగులుతాయి. 45 మెగాపిక్సెళ్ళ నికాన్ అయితే 19 పైనే మిగులుతాయి. పండగ ఫోటోలకి అది చాలదా?

"క్రాప్ అంటే మధ్యలో మజిలీ, గమ్యం ఫుల్‌ఫ్రేమ్" అనే ఆలోచనే నాకు నచ్చదు. ఫ్యూజీఫిల్మ్‌నే చూడండి. 2012 లో ఎక్స్ మౌంట్ మొదలుపెట్టినప్పటి నుంచీ క్రాప్ సెన్సర్ మీదే నిలబడి, ఆ సెన్సర్ కోసమే వరసగా లెన్సులు చేసుకుంటూ వచ్చింది. పెద్ద సెన్సర్ కావాలనుకున్నప్పుడు ఫుల్‌ఫ్రేమ్‌ని దాటేసి అంతకంటే పెద్దదానికి వెళ్ళింది. వాటితో పనిచేసే ప్రొఫెషనల్స్ ఎంతోమంది ఉన్నారు. వాళ్ళెవరూ మజిలీలో కూర్చున్నామని అనుకోవడం లేదు.

ఇంతా చెప్పి ఫుల్‌ఫ్రేమ్ లెన్సులు క్రాప్ కెమెరాకి పనికిరావంటే అది అన్యాయం. పనికొచ్చే చోట బ్రహ్మాండంగా పనికొస్తాయి.

మొదటిది, దూరపువి. 300, 400, 500 మి.మీ. లెన్సుల్లో ముందు గాజు ఎంత పెద్దదుండాలన్నది ఫోకల్ లెంగ్త్‌నీ ఎఫ్ నంబరునీ బట్టి తేలుతుంది. 300 మి.మీ. ఎఫ్/4 కి 75 మి.మీ. కావాల్సిందే, వెనక సెన్సర్ ఎంత చిన్నదైనా. అక్కడ క్రాప్ కోసం ప్రత్యేకంగా చేసినా బరువు పెద్దగా కలిసిరాదు. పైగా నేలపట్టులోనో కొల్లేరు ఆటపాకలోనో గూడబాతుల్ని తీసేవాళ్ళకి క్రాప్ సెన్సర్ వరమే. నికాన్ 200-500 పెడితే ఆ చివర 750 లాగా చూస్తుంది, ఎదురుగా ఉన్న పక్షి మీద ఎక్కువ పిక్సెళ్ళు పడతాయి. పక్షుల పిచ్చి ఉన్నవాళ్ళు నిరభ్యంతరంగా ఫుల్‌ఫ్రేమ్ టెలీ కొనుక్కోండి.

రెండోది, 50 మి.మీ. ఎఫ్/1.8. దాదాపు ప్రతి కంపెనీలోనూ చవగ్గా దొరికే లెన్సుల్లో ఇదొకటి, క్రాప్ మీద 75 లాగా మనుషుల ఫోటోలకి ముచ్చటగా ఉంటుంది. నికాన్ వాళ్ళకి ఒక్క హెచ్చరిక. 3000, 5000 వరస బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు కాబట్టి డీ అని ఉన్న పాతది కాకుండా జీ అని ఉన్నది తీసుకోవాలి. మామూలు చూపు కావాలనుకుంటే మాత్రం క్రాప్ వాళ్ళకి 35 యే సరైనది. నికాన్ డీఎక్స్ 35 ఎఫ్/1.8 అలాంటిదే, 2009 లో వచ్చింది, 200 గ్రాములు. మూడోది మాక్రో. అక్కడ ఏదైనా పరవాలేదు.

ఇక నిజంగా ఆర్నెల్లలో ఫుల్‌ఫ్రేమ్ బాడీ కొంటున్నవాళ్ళూ, పెళ్ళిళ్ళు తీయడమే వృత్తిగా రెండు రకాల బాడీలూ మోసేవాళ్ళూ ఈ గోలంతా పట్టించుకోనక్కర్లేదు. వాళ్ళ లెక్క వేరు. మిగతావాళ్ళకి ఎప్పుడో ఏడాదికోసారి పెద్ద లెన్సు అవసరమైతే, హైదరాబాదులోనే రోజువారీ అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు. రెండు రోజుల అద్దె కట్టి వాడి చూస్తే, అది మీకు నిజంగా కావాలో అక్కర్లేదో కూడా తేలిపోతుంది.

కొనేముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, పైసా ఖర్చు లేదు. మీరు తీసిన ప్రతి ఫోటోలో అది ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో రాసుంటుంది. గత ఏడాది ఫోటోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి, ఎక్సిఫ్‌టూల్‌తో ఆ అంకెలు బయటికి తీసి లెక్కపెట్టండి. పది లైన్ల పైథాన్ కూడా అక్కర్లేదు. నేను చేసి చూస్తే నావాటిలో ఎక్కువ భాగం 24 కంటే కిందే ఉన్నాయి. అంటే అందరూ కొనమన్న ఆ 24-70 నా దగ్గర ఉండుంటే, నేను తీసిన ఫోటోల్లో సగానికి పైగా తీయడానికి వీలయ్యేది కాదు. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని పెసలు చెరుగుతుంటే వెనక ఇల్లంతా పడేలా తీసిన ఫోటో కూడా అందులో ఉంది, 17 మి.మీ. దగ్గర తీసింది. ఆవిడ ఇప్పుడు లేదు, ఆ పెంకుటిల్లూ లేదు. ఎప్పుడో కొనబోయే కెమెరా కోసం ఆగమంటే అవి ఆగేవి కావు కదా.

కాబట్టి ఈసారి ఎవరైనా "రేపటి కోసం ఆలోచించు" అంటే, ముందు మీ ఫోటోల లెక్క తీసి చూడండి. ఆ అంకెలు 24 పైనే ఉంటే నిక్షేపంగా వాళ్ళ మాట వినండి, నాకేం అభ్యంతరం లేదు :)